ఎర్ర ఇంకు

మా ల్యాబు రిజిస్టరుకు ఒక పద్ధతి ఉండాది:
లేదంటే నీలి ఇంకుతో రాయాల,
ఉందంటే ఎర్ర ఇంకుతో.
పద్నాలుగేండ్లు రాసినా.
ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఏ ఇంట్లో ఎవురు దగ్గుతారో
పేరు చూడకుండా చెప్పేవాణ్ణి,
డబ్బీ మూత తిప్పిన తీరును బట్టి.

దస్తగిరమ్మ మూత మరీ గట్టిగా తిప్పేది.
బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని,
చేతులకు అంత బలం.
ఊపిరికే లేదు.
బండ నున్నగయ్యేదాకా రుద్దుతా ఉంటే
బండలోంచి పోయిందంతా
యాడికో ఒకచోటికి పోవాల గదా.

"ఈ గుడ్డ ఎన్నాళ్లు కట్టుకోవాల మాబూ సారూ?
బస్సులో పక్కన ఎవురూ కూచ్చోరు.
మా తోడికోడలు నా గ్లాసు వేరే గూట్లో పెట్టింది."
ఆరు నెలలమ్మా, అన్నా.
రెండు నెలలు అయినాయి.
మార్చి వచ్చింది.

సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం
మొదటిసారి ఊరికే నిలబడింది.
మా గదిలోని కొత్త మిషన్ను
ఇద్దరు మనుషులు దుప్పట్లో చుట్టి, పసిబిడ్డ మాదిరి,
జీపులో కడపకు ఎత్తుకపోయినారు.
దాంతోపాటు నన్నూ.

మైక్రోస్కోపుకు నేనే గుడ్డ కప్పినా.
రిజిస్టరు మూసేటప్పుడు
ఎర్ర పెన్ను అందులోనే మరిచిపోయినా.

అక్కడ నా పని ముక్కులు.
నలభై మూడు డిగ్రీల ఎండలో ప్లాస్టిక్ బట్టలు,
బూట్లలో చెమట గుడగుడలాడేది.
ఎస్సై, బ్యాంకు మేనేజరు, బంగారంగడి సేటు,
పుల్ల లోపలికి పోతే
అందరి కండ్లలో ఒకటే నీళ్లు.
ఇంట్లో నా కంచం
వేరే గూట్లోకి పోయింది.
చిన్నకూతురు తహసీన్ వాకిలి అవతల నిలబడి
"అబ్బా, ఈ రోజు ఎంతమంది?" అని అడిగేది
క్రికెట్ స్కోరు అడిగినట్టు.

లోకంలో ఇంత సైన్సు ఉందని అప్పుడే తెలిసింది నాకు.
పురుగుకు బొమ్మ గీసినారు, ముండ్లు లెక్కపెట్టినారు,
ఏడాది తిరక్కముందే సూదిమందు.
టీవీలో చప్పట్లు. నేనూ కొట్టినా, నిజంగానే.
కొడతా కొడతా గుర్తొచ్చింది:
మా దగ్గు డబ్బీలకు ఇంకా
తాతలనాటి ఎర్ర రంగూ, స్పిరిట్ దీపమూ,
నా రెండు కండ్లూ.

తిరిగొచ్చి రిజిస్టరు తెరిస్తే
ఏప్రిల్ ఒక పేజీ. మే సగం.
జూన్లో ఇద్దరే.
ఇంతమందికి నయమైందా అని
ఒక్క క్షణం ఆశపడినా, సిగ్గులేకుండా.

డిసెంబర్లో ఆమె వచ్చింది.
గుర్తుపట్టలేదు. అందరి మూతికీ గుడ్డే.
"చూడు సారూ" అని కండ్లతో నవ్వింది,
"ఇప్పుడు అందరూ నా మాదిరే.
బస్సులో ఎవురి పక్కనా ఎవురూ కూచ్చోరు.
మా తోడికోడలు దాని గ్లాసు అదే వేరే పెట్టుకునింది."
మాత్రలు?
"ఆసుపత్రి దిక్కు పోతే పట్టుకపోతారనిరి.
అయినా నాకేం లేదులే" అంటా
పాలిథిన్ కవర్లోంచి ఫోను తీసింది.
"ఫ్యాక్టరీలో అందరికీ చేసినారు. చదువు."
నెగటివ్.

ఆ ఏడు ఊరంతా
దండం పెట్టి అడుక్కున్న మాట.
దాన్ని ఆమె తడవకుండా దాచుకుని తిరుగుతా ఉంది.
ఏ జబ్బుకు నెగటివో చెప్పలేదు నేను.
డబ్బీ ఇచ్చినా.

మరుసటి పొద్దున
స్లైడు కాచి, రంగు పోసి, కడిగి,
నూనె బొట్టు వేసి వంగినా.
నూరు చోట్లు చూడాల.
మూడో చోటే
నీలి మడిలో ఎర్రపుల్లలు,
ఎవురో విరిచి పారేసినట్టు.
మిగతా తొంభై ఏడూ చూసినా.
పద్ధతని కాదు.

బయట బెంచీ మీద ఆమె
పక్కనామెకు ఫోను చూపిస్తా ఉంది.

పెన్ను ఎండిపోయుండాది.
విదిలించినా. నాలిక మీద పెట్టబోయి ఆగినా.
అరచేతిలో గీసినా, పడలేదు.
ఇంకొకటి. తోలు మీద తెల్ల గీతలు.
ఏడో గీతకు
ఎరుపు పారింది.